ఆర్‌సీలో పేరున్నంత కాలం



మీ ఇంట్లో కారుంటే దాని ఆర్‌సీ కార్డు ఒకసారి చేతిలోకి తీసుకుని ఓనరు పేరు ఎవరిదుందో చూడండి. కారు కొన్న రోజు ఆ కార్డు చూసుకుంటాం. మళ్లీ రోడ్డు మీద పోలీసు ఆపినప్పుడు చూస్తాం. ఈ రెంటికీ మధ్య ఆ కారును ఎవరు నడిపినా, ఎవరు అడిగి తీసుకెళ్లినా, ఆఖరికి ఎవరికి అమ్మినా, చట్టం వచ్చి తలుపు తట్టేది ఆ కార్డు మీద పేరున్న మనిషి ఇంటికే. ఈ పూట నేను చెప్పదలచుకున్నది ఆ పేరు గురించి. కారు జాగ్రత్తగా నడపడం, కారు జాగ్రత్తగా అమ్మడం రెండు వేరు వేరు సంగతులని చాలామంది అనుకుంటారు. నాకు మాత్రం రెండూ ఒకే బాధ్యతకు మొదలూ చివరగా కనిపిస్తాయి.

నేనుండేది తార్నాకలో. ఒకపక్క ఉస్మానియా విశ్వవిద్యాలయం, ఇటుపక్క ఐఐసీటీ, జాతీయ పోషకాహార సంస్థ, కాస్త ముందుకు పోతే హబ్సిగూడలో సీసీఎంబీ, ఎన్‌జీఆర్‌ఐ. వాటిల్లో ఉద్యోగాలు చేసి రిటైరైన ప్రొఫెసర్లు, సైంటిస్టులు ఈ వీధుల్లోనే ఇళ్లు కట్టుకున్నారు, ఫ్లాట్లు కొనుక్కున్నారు. పిల్లలు అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో స్థిరపడ్డారు. ఏ అపార్ట్‌మెంటు సెల్లారులోకి దిగినా కవరు కప్పి దుమ్ము పట్టిన కారు ఒకటైనా ఉంటుంది. నంబరు ప్లేటు చూస్తే వయసు తెలిసిపోతుంది. 2014 జూన్‌కు ముందువి ఏపీ, ఆ తర్వాతవి టీఎస్, 2024 మార్చి నుంచి టీజీ. ఏపీ 10 అని ఉన్న కారుకు ఎంత లేదన్నా పదేళ్లు దాటాయన్నమాట. ఈ కార్లను ఎవరో ఒకరు ఇవాళో రేపో అమ్ముతారు. ఎలా అమ్ముతారన్నదే నా బెంగ.

ముందు సుప్రీంకోర్టు తీర్పు ఒకటి చెప్తాను. 2018 ఫిబ్రవరి 6న ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం ఇచ్చింది. సంఘటన 2009 మే నెలలో జరిగింది. ఒకావిడ తన మేనల్లుణ్ని వెంటబెట్టుకుని సాయంత్రం వీధిలో నడిచి వెళ్తోంది. ఒక కారు రివర్సులో వచ్చి ఇద్దరినీ గుద్దింది. పిల్లవాడు వెనక చక్రం కింద పడి అక్కడే చనిపోయాడు. ఆ కారు ఆర్‌సీలో పేరున్న వ్యక్తి దాన్ని రెండేళ్ల కిందటే, 2007లోనే అమ్మేశానన్నాడు. కొన్నవాడు ఇంకొకరికి అమ్మాడు, అతను మరొకరికి అమ్మాడు. ఒక్కరూ పేరు మార్పించుకోలేదు. నష్టపరిహారం ఎవరు కట్టాలన్న ప్రశ్న వచ్చింది. హైకోర్టు ఒక మాట చెప్పింది, సుప్రీంకోర్టు దాన్ని మార్చింది. రిజిస్టర్‌లో ఎవరి పేరుంటే వాళ్లే ఓనరు, పరిహారం బాధ్యత వాళ్లదే అని తేల్చింది. మనిషిని పోగొట్టుకున్న కుటుంబం కారు ఎన్ని చేతులు మారిందో వెతుక్కుంటూ తిరగకూడదన్నది కోర్టు చూపిన కారణం. నాకైతే అది నూటికి నూరుపాళ్లూ న్యాయంగానే తోచింది. బిడ్డను పోగొట్టుకున్న తల్లిదండ్రులు బ్రోకర్ల ఇళ్ల చుట్టూ ఎందుకు తిరగాలి?

ఆ తీర్పులో నన్ను వెంటాడే మాట ఇంకొకటుంది, రివర్సు. మన వీధుల్లో పిల్లలు గేటు ముందే ఆడుకుంటారు. సెల్లారు ర్యాంపు నుంచి వెనక్కి వచ్చే కారుకు, వెనక కూర్చుని బంతి తీసుకుంటున్న మూడేళ్ల పిల్ల ఏ అద్దంలోనూ కనిపించదు. కెమెరా ఉందిగా అంటారు. దాని మీద నీటి చుక్కో దుమ్మో ఉంటే అందులోనూ కనిపించదు. కారెక్కే ముందు ఒకసారి వెనక నుంచి చుట్టూ తిరిగి రావడానికి పది సెకన్లు పట్టదు. టైర్లలో గాలి ఎలా ఉందో, కింద ఆయిలు మరక ఏమైనా ఉందో కూడా ఆ పది సెకన్లలోనే తెలిసిపోతుంది.

క్యాంపస్ రోడ్ల సంగతికొస్తాను. తార్నాక నుంచి లోపలికి తిరిగి, ఆర్ట్స్ కాలేజీ మీదుగా అడిక్‌మెట్, విద్యానగర్ వైపు దాటిపోయే దారిని చాలామంది అడ్డదారిగా వాడుకుంటారు. సిగ్నళ్లు తక్కువ, రోడ్డు వెడల్పు, రెండువైపులా చెట్లు. కాలు యాక్సిలరేటర్ మీద దానంతటదే బరువెక్కుతుంది. కానీ ఆ రోడ్డు ముందుగా ఎవరిదో గుర్తుంచుకోవాలి. తెల్లవారుజామున అయిదింటికే నడకకు వచ్చే పెద్దవాళ్లు రోడ్డు మీదే నడుస్తారు, చాలామంది బండ్లకు వీపు పెట్టి నడుస్తారు. హాస్టళ్ల నుంచి క్లాసులకు పోయే విద్యార్థులు మాటల్లో పడి నలుగురైదుగురు వరసగా నడుస్తారు. పోటీ పరీక్ష ఉన్న రోజు జిల్లాల నుంచి వచ్చిన పిల్లలు, హాలు టికెట్టు చూసుకుంటూ కంగారుగా రోడ్డు దాటుతుంటారు. ఎల్ బోర్డు తగిలించుకుని నగరం నలుమూలల నుంచి డ్రైవింగ్ నేర్చుకోవడానికి వచ్చేవాళ్లూ ఇక్కడికే వస్తారు. వాళ్ల కారు ఉన్నట్టుండి ఆగిపోతుంది, ఎందుకు ఆగిందో నడిపేవాళ్లకే తెలియదు. వెనక నుంచి హారన్ కొడితే ఇంకా కంగారు పడతారు.

వేగం గురించి ఒక చిన్న లెక్క చెప్తాను. గంటకు 30 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు ఎనిమిది మీటర్ల పైచిలుకు. 60 అయితే దాదాపు పదిహేడు మీటర్లు. ఎదురుగా మనిషి కనపడ్డాక కాలు బ్రేకు మీదికి పోవడానికి, ఎంత చురుకైన వాళ్లకైనా, సుమారు ఒక సెకను పడుతుంది. ఆ తర్వాత టైర్లు రోడ్డును పట్టుకుని ఆపాలి. పొడి రోడ్డు, మంచి టైర్లు ఉంటే 30 వేగంలో ఉన్న కారు మొత్తం పదమూడు, పద్నాలుగు మీటర్లలో నిలబడుతుంది. 60లో ఉంటే ముప్ఫై ఏడు మీటర్లు కావాలి. మూడు సిటీ బస్సులు వరసగా నిలబెట్టినంత దూరం. వేగం రెండింతలైతే బ్రేకు పడ్డాక జారే దూరం నాలుగింతలవుతుంది. ఇందులో నా అభిప్రాయమేమీ లేదు, క్యాంపస్‌లోని ఫిజిక్స్ డిపార్ట్‌మెంట్‌లో ఏ విద్యార్థిని అడిగినా ఇదే చెప్తారు. వాన పడితే, టైరు అరిగితే ఆ దూరం ఇంకా పెరుగుతుంది. టైరు గాడుల లోతు 1.6 మిల్లీమీటర్లకు తగ్గితే మార్చాల్సిందే. గాడుల మధ్య అడ్డంగా చిన్న చిన్న దిమ్మెలుంటాయి. గాడి అరిగి ఆ దిమ్మెతో సమానమైందంటే దాని ఆయుష్షు తీరినట్టే.

ఇక తార్నాక చౌరస్తా. ఫ్లైఓవరు, మెట్రో పిల్లర్లు, బస్సుల కోసం రోడ్డు మీదికి వచ్చి నిలబడే జనం. పిల్లరు చాటు నుంచి మనిషి అడుగు బయటపెట్టే వరకూ కనపడడు. అక్కడ ఎడమవైపు బస్సు ఆగి ఉంటే, దాని ముందు నుంచి ఎవరో ఒకరు దాటుతున్నారనే అనుకుని నడపాలి. ఇంకొకటి, టిఫిన్ సెంటరు ముందో మందుల షాపు ముందో కారు ఆపి తలుపు తీసే పద్ధతి. మనకు డ్రైవరు సీటు కుడివైపు కదా. కుడిచేత్తో తలుపు తోస్తే చూపు ముందుకే ఉంటుంది. అదే ఎడమచేత్తో తీయడం అలవాటు చేసుకుంటే ఒళ్లు దానంతటదే కుడివైపు తిరుగుతుంది, భుజం మీదుగా వెనక వచ్చే స్కూటీ కనిపిస్తుంది. వెనక సీట్లో కుడివైపు కూర్చునేవాళ్లకూ ఇదే నేర్పండి. తలుపు తగిలి పడిన స్కూటరు మీద మనిషి పడేది నేరుగా బస్సు చక్రాల దారిలోకి.

వెనక సీటు అన్నాను కాబట్టి బెల్టు మాట కూడా చెప్పాలి. ముందు కూర్చున్నవాళ్లు చలానాకు భయపడైనా పెట్టుకుంటున్నారు. వెనక అమ్మానాన్నలను కూర్చోబెట్టి, ‘ఎందుకులేమ్మా, ఇక్కడిదాకేగా’ అంటాం. 2022 సెప్టెంబరులో పారిశ్రామికవేత్త సైరస్ మిస్త్రీ పోయింది వెనక సీట్లో బెల్టు లేకుండా కూర్చునే. ఆ ఒక్క ఏడాదిలో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో పోయినవాళ్లు 1,68,491 మంది. సీటు బెల్టు పెట్టుకోక చనిపోయినవాళ్లు 16,715 మంది, అందులో దాదాపు సగం మంది డ్రైవర్లు కాదు, పక్కనో వెనకో కూర్చున్నవాళ్లు. నియమం వెనక సీటుకూ వర్తిస్తుంది. పద్నాలుగేళ్ల లోపు పిల్లలకు బెల్టుగానీ వాళ్లకు తగిన సీటుగానీ ఉండకపోతే వెయ్యి రూపాయలు జరిమానా. ఒళ్లో పసిపిల్లను పెట్టుకుని ముందు సీట్లో కూర్చునే తల్లులకు దండం పెట్టి చెప్తున్నాను, దయచేసి మానండి.

తాళాలు ఎవరి చేతికిస్తున్నామన్నది కూడా ఓనరు బాధ్యతే. ఇంటర్ చదివే అబ్బాయి క్యాంపస్‌లో ఒక రౌండు వేసొస్తానంటాడు. ఇంటి దగ్గరే కదా, ట్రాఫిక్ లేదు కదా అని ఇచ్చేస్తాం. 2019లో సవరించిన చట్టం ప్రకారం మైనరు బండి నడిపి నేరం జరిగితే దోషి తల్లిదండ్రులో, ఓనరో అవుతారు. మూడేళ్ల దాకా జైలు, పాతికవేల జరిమానా, ఏడాదిపాటు బండి రిజిస్ట్రేషన్ రద్దు. లైసెన్సు లేని చుట్టానికి, స్నేహితుడికి ఇచ్చినా చిక్కే. ప్రమాదం జరిగితే బీమా కంపెనీ బాధితులకు కట్టి, ఆ డబ్బు ఓనరు దగ్గర వసూలు చేసుకోవచ్చని కోర్టులు ఉత్తర్వులిచ్చిన కేసులు ఎన్నో. అడిగినవాడు ఎంత దగ్గరివాడైనా, ‘లైసెన్సు చూపించు నాయనా’ అనడానికి మొహమాటం వద్దు.

ఒకవేళ మీ కారు తగిలి ఎవరికైనా దెబ్బ తగిలితే పారిపోకండి. 108కి ఫోను చేయండి, దెబ్బ తగిలిన మనిషిని ఆసుపత్రికి చేర్చండి, పోలీసులకు, బీమా కంపెనీకి తెలియజేయండి. చట్టం మీ నుంచి కోరేది అదే. 2025 మేలో కేంద్రం తెచ్చిన పథకం కింద రోడ్డు ప్రమాద బాధితులకు ఏడు రోజుల దాకా, లక్షన్నర రూపాయల వరకు నగదు కట్టకుండా చికిత్స చేస్తారు. డబ్బు లేదని ఆ మొదటి గంటను ఎవరూ పోగొట్టుకోనక్కరలేదు.

పెద్దవాళ్లతో ఒక మాట. మీరు నలభై ఏళ్లుగా ఒక్క గీత పడకుండా నడిపి ఉండవచ్చు. దాన్ని గౌరవిస్తాను. కానీ కంటిలో శుక్లం ముదిరితే ఎదుటి హెడ్‌లైటు వెలుగు అద్దమంతా పరుచుకుంటుంది, మెడ తిప్పితే నొప్పి పుడుతుంది, రెండు వేపుల నుంచి ఒకేసారి బండ్లొస్తే నిర్ణయం ఒక క్షణం ఆలస్యమవుతుంది. లైసెన్సు రెన్యువల్‌కు డాక్టరు సర్టిఫికెట్ అడిగేది ఇందుకే. దాన్ని ఎవరి చేతనో సంతకం పెట్టించి తెచ్చే కాగితంగా చూడకండి. నిజంగా కళ్లు చూపించుకోండి. ముందు రాత్రి నడపడం మానండి, తర్వాత వానలో మానండి. ఆ తర్వాత మెట్రో మన గుమ్మం ముందే ఉంది. పిల్లలు కూడా ఫోనులో ‘నాన్నా, ఇంక నువ్వు నడపకు’ అని ఒక్కసారి తేల్చేయకుండా, వచ్చినప్పుడు పక్క సీట్లో కూర్చుని ఒక రోజు చూడండి. ఎక్కడ తడబడుతున్నారో చూశాక చెప్తే పెద్దలు వింటారు.

అమ్మకం సంగతికి వస్తున్నాను. మా వీధిలో ఒక పెద్దాయన అలాగే నడపడం మాని కారు అమ్మేశారు. ఇంటికి వచ్చిన బ్రోకరు ఎంతో మర్యాదగా మాట్లాడాడు. ‘సార్, ఈ వయసులో మీరు ఆర్‌టీఏ ఆఫీసు చుట్టూ ఏం తిరుగుతారు? ఇక్కడా ఇక్కడా సంతకాలు పెట్టండి చాలు, మిగతాది నేను చూసుకుంటా’ అన్నాడు. ఆయన ఖాళీ ఫారాల మీద సంతకాలు పెట్టి, ఒరిజినల్ ఆర్‌సీ, రెండు తాళాలూ ఇచ్చి, డబ్బు తీసుకున్నారు. కొన్ని నెలలకు ఫోనులో చలానా మెసేజీలు మొదలయ్యాయి. సిగ్నల్ దాటినందుకు ఒకటి, రాంగ్ రూట్‌లో వచ్చినందుకు ఒకటి, ఆయన ఏనాడూ పోని ఊరి నుంచి ఒకటి. బ్రోకరు నంబరు పలకదు. కెమెరాకు తెలిసేది నంబరు ప్లేటు ఒక్కటే. ఆ నంబరుకు ఆయన పేరు. చలానాలే కాబట్టి డబ్బుతో పోయింది. అదే కారు మనిషిని గుద్దేస్తే, దొంగసరుకు మోస్తే?

ఖాళీ ఫారం మీద సంతకం పెట్టడమంటే ఖాళీ చెక్కు ఇవ్వడమే. బజారులో దీన్ని ‘ఓపెన్ ఫారాలు’ అంటారు. బ్రోకరు తన పేరు మీదికి మార్చుకోడు, ఎందుకంటే మార్చుకుంటే ఫీజు కట్టాలి, ఆర్‌సీలో ఓనర్ల సంఖ్య ఒకటి పెరుగుతుంది, ధర తగ్గుతుంది. అందుకని అసలు కొనేవాడు దొరికేదాకా మీ పేరు మీదే తిప్పుతాడు. అతని లాభానికి మీరు జామీను.

చట్టం చెప్పే దారి కష్టమైనదేమీ కాదు. మోటారు వాహనాల చట్టం 50వ సెక్షను ప్రకారం, రాష్ట్రంలోనే అమ్మితే అమ్మినవాళ్లు పద్నాలుగు రోజుల్లో ఆర్‌టీఏకు తెలియజేయాలి, కొన్నవాళ్లు ముప్ఫై రోజుల్లో పేరు మార్చుకోవాలి. అమ్మినట్టు తెలిపేది ఫారం 29. పేరు మార్పుకు దరఖాస్తు ఫారం 30. ఇంకో రాష్ట్రం వాళ్లు కొంటే ఫారం 28తో ఎన్‌ఓసీ, అంటే నిరభ్యంతర పత్రం, తీసుకోవాలి. ఫారాల్లో కొనేవాళ్ల పేరు, అడ్రసు, తేదీ నింపాకే సంతకం చేయండి, నింపిన ఫారానికి ఫోటో తీసి ఉంచుకోండి. స్లాటు బుక్ చేసుకుని, వీలైతే కొనేవాళ్లతో కలిసి మీరే వెళ్లండి. అడ్రసును బట్టి మనవైపు వాళ్లకు తిరుమలగిరి ఆఫీసో ఉప్పల్ ఆఫీసో పడుతుంది. ఒక పూట పని.

అప్పు తీరిన కార్ల విషయంలో ఎక్కువమంది మరిచిపోయేదొకటుంది. బ్యాంకు లోను ఎప్పుడో తీరిపోయి ఉంటుంది, ఆర్‌సీలో మాత్రం బ్యాంకు పేరు అలాగే ఉండిపోతుంది. బ్యాంకు నుంచి ఎన్‌ఓసీ, ఫారం 35 తెచ్చి, ఆ పేరు తీయించాకే అమ్మకం మాట ఎత్తండి. ఎన్‌ఓసీ తీసుకుని చాలా కాలమైతే ఆర్‌టీఏ వాళ్లు కొత్తది అడగవచ్చు. బ్యాంకు బ్రాంచి మారిందనో, మూతపడిందనో తిప్పుతారు, కాస్త ఓపిక పట్టాలి. పాత చలానాలేమైనా ఉంటే కట్టేయండి.

పేరు మార్పించకపోతే ఇంకో నష్టం. తెలంగాణలో ఒకే మనిషి పేరు మీద రెండో సొంత కారు కొంటే లైఫ్ ట్యాక్సు 2 శాతం ఎక్కువ కట్టాలి. అమ్మేశామనుకున్న పాత కారు ఆర్‌సీలో మీ పేరు మీదే ఉంటే, కొత్తది రికార్డులో రెండో కారు అవుతుంది.

ధర దగ్గర ఎక్కువసేపు ఆగను. బీమా పాలసీలో రాసే విలువ ఏటా లెక్క ప్రకారం తగ్గుతూ నాలుగేళ్లు దాటేసరికి సగానికి వస్తుంది, అది బజారు ధర కాదు. నాలుగు చోట్ల అడిగితే ధర తెలుస్తుంది. అంతకంటే ముఖ్యం, ఉన్నది ఉన్నట్టు చెప్పడం. ముఖ్యంగా నీళ్లలో మునిగిన కారు.

2020 అక్టోబరు 13 రాత్రి కురిసిన వాన ఈ చుట్టుపక్కల ఎవరూ మరిచిపోలేదు. హబ్సిగూడ, రామంతాపూర్ వీధులు చెరువులయ్యాయి. సెల్లార్లలో కార్లు కప్పుదాకా మునిగాయి. ఆ కార్లు ఆ తర్వాత ఎక్కడికి పోయాయి? కొన్ని తుక్కులోకి పోయాయి, కొన్ని కడిగి, సీట్లు మార్చి, మళ్లీ అమ్మకానికి వచ్చాయి. కొనేవాళ్లు చూడాల్సింది పైన మెరుపు కాదు. ముందు సీటు బెల్టును చివరిదాకా లాగండి. రోజూ బయటికొచ్చే భాగం కడిగి ఉంటారు, లోపల చుట్టుకుని ఉండే ఆఖరు జానెడు కడగడం ఎవరికీ గుర్తుండదు. అక్కడ మట్టి రంగు గీత ఉంటే నీళ్లు ఎంతదాకా వచ్చాయో ఆ గీతే చెప్తుంది. డిక్కీలో స్టెప్నీ ఎత్తి కింద గుంటలో వేలు పెట్టి చూడండి. సీటు కింద పట్టాల మీద తుప్పు చూడండి. ఏసీ వేసిన మొదటి నిమిషంలో వాసన చూడండి. ఇక మీ కారే మునిగితే, నీళ్లు తగ్గాయి కదా అని తాళం తిప్పకండి. గాలి గొట్టంలోంచి సిలిండర్‌లోకి పోయిన నీళ్లను పిస్టన్ నొక్కలేదు, కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది, వేలల్లో పోయేది లక్షల్లోకి పోతుంది. బ్యాటరీ వైరు తీసేసి, ఫోటోలు తీసి, బీమా కంపెనీకి చెప్పి, టోయింగ్ బండి పిలిపించండి. అమ్మేటప్పుడు ‘మునిగింది, ఇదిగో బాగు చేయించిన బిల్లులు’ అని చెప్పండి. ధర తగ్గుతుంది, తగ్గనివ్వండి. నడుస్తూ నడుస్తూ రింగు రోడ్డు మీద స్టీరింగో బ్రేకో మొరాయిస్తే లోపలున్నది ఒక కుటుంబం.

కొనడానికి వచ్చినవాళ్లు నడిపి చూస్తామంటారు. న్యాయమే. లైసెన్సు ఫోటో తీసుకుని, పక్కన మీరు కూర్చుని, మనకు తెలిసిన రోడ్డు మీద నడపనివ్వండి. ఆ పది నిమిషాలూ ఓనరు మీరే. ఒరిజినల్ కాగితాలు కారులో ఉంచకండి. ఒంటరిగా ఉండే పెద్దవాళ్లు అపార్ట్‌మెంటులో ఇంకొకరిని తోడు పిలుచుకోండి. డబ్బు వచ్చిందనడానికి వాళ్ల ఫోనులో స్క్రీన్‌షాట్ ఆధారం కాదు, మీకొచ్చిన మెసేజీ కూడా పూర్తి ఆధారం కాదు. మీ బ్యాంకు ఖాతాలో మీరే చూసుకున్నాకే తాళాలు ఇవ్వండి. క్యూఆర్ కోడ్ పంపి, ‘డబ్బు రావాలంటే పిన్ నొక్కండి అంకుల్’ అనేవాడు దొంగ. డబ్బు రావడానికి పిన్ అక్కరలేదు, పోవడానికే కావాలి.

తాళాలు ఇచ్చే రోజు డెలివరీ నోటు రాసుకోండి. ఫలానా తేదీ, ఫలానా సమయానికి, కిలోమీటర్ల రీడింగ్ ఇంత ఉండగా కారు అప్పగించాను, ఇప్పటినుంచి బాధ్యత కొన్నవారిది అని రెండు ప్రతులు రాసి, ఇద్దరూ సంతకాలు చేసి, కొన్నవాళ్ల ఆధార్ కాపీ జతచేయండి. సమయం ఎందుకంటే, ఆ సాయంత్రమే చలానా పడవచ్చు. ఈ నోటు మీకు రక్షణలో ఒక భాగమే, పేరు మార్పుకు బదులు కాదు. ఇందాకటి సుప్రీంకోర్టు తీర్పు గుర్తుందిగా.

పాత కార్ల డీలరుకు ఇస్తే ఇంకో వెసులుబాటుంది. 2023 ఏప్రిల్ 1 నుంచి అమలైన నిబంధనల ప్రకారం రిజిస్టరింగ్ అధికారి దగ్గర గుర్తింపు పొందిన డీలరుకు కారు అప్పగించినట్టు ఫారం 29సి ద్వారా తెలియజేస్తే, అమ్ముడుపోయేదాకా బాధ్యత ఆ డీలరుదవుతుంది. డీలరును మొదట అడగాల్సింది ధర కాదు, ఆ గుర్తింపు పత్రం.

బీమాలో ఒక సొత్తు మీది. ఏళ్ల తరబడి క్లెయిము చేయకుండా సంపాదించిన నో క్లెయిమ్ బోనస్, అది 50 శాతం దాకా ఉంటుంది, కారుది కాదు, మనిషిది. అమ్మాక కంపెనీ నుంచి ఉత్తరం తీసుకుంటే మూడేళ్ల లోపు కొనే కారుకు వాడుకోవచ్చు. కొన్నవాళ్లూ పద్నాలుగు రోజుల్లో పాలసీ తమ పేరుకు మార్పించుకోవాలి. థర్డ్ పార్టీ భాగం దానంతటదే వెంట వస్తుంది, సొంత నష్టం భాగం అలా రాదు. ఫాస్టాగ్‌ను బ్యాంకులో మూయించి, అద్దం మీది స్టిక్కరు గీకేయండి. లేకపోతే కొన్నవాళ్లు విజయవాడ పోయినా టోలు మీ ఖాతాలోంచే పోతుంది.

చివరగా, కవరు కప్పిన ఆ కార్ల గురించి. ఇంటాయన పోయాక ఆ కారును ముట్టుకోవడానికి ఎవరికీ మనసు రాదు. అర్థం చేసుకోగలను. కానీ నిలబడిన కారు ఊరికే ఉండదు, బ్యాటరీ చస్తుంది, టైర్లు ఒకవైపు చదునవుతాయి, ఎలుకలు వైర్లు కొరుకుతాయి, బీమా గడువు, పదిహేనేళ్ల రిజిస్ట్రేషన్ గడువు దాటిపోతాయి. ఓనరు పోతే వారసులు ముప్ఫై రోజుల్లో ఆర్‌టీఏకు తెలియజేసి, మూడు నెలల్లోగా ఫారం 31తో పేరు మార్చుకోవాలి. నేరుగా పోయినవారి పేరు మీద నుంచి ఎవరికో అమ్మించే ఉపాయాలు చెప్పేవాళ్లుంటారు, వినకండి. అది ఫోర్జరీ. 2021 నుంచి ఆర్‌సీలో నామినీ పేరు రాయించుకునే వీలు వచ్చింది. ఉన్నప్పుడే రాయించుకుంటే ఆ ఇల్లాలికి తర్వాత ఆఫీసుల చుట్టూ తిరిగే బాధ చాలా తగ్గుతుంది. విదేశాల్లో ఉన్న పిల్లలు ఈసారి సెలవులకు వచ్చినప్పుడు ఆ ఒక్క పనీ చేయించి వెళ్లండి.

కారు అమ్మిన నెల రోజులకు ఆ నంబరు కొట్టి, ఓనరు పేరు మారిందో లేదో ఆన్‌లైన్‌లో చూడండి. మారకపోతే కొన్నవాళ్లకు ఫోను చేసి ఊరుకోకండి. డెలివరీ నోటు, నింపిన ఫారం 29, డబ్బు ముట్టిన బ్యాంకు కాగితం జతచేసి ఆర్‌టీఏకు రిజిస్టర్డ్ పోస్టులో ఉత్తరం పంపండి, దాని కాపీ పోలీసు స్టేషన్‌లో ఇచ్చి రసీదు తీసుకోండి. పేరు మారినట్టు కనిపించేదాకా ఆ కాగితాల ఫైలు పారేయకండి.